యూ ఆర్ అండర్ అరెస్ట్: బొకుతో స్టేషన్ పనిలో ఏది నిజం, ఏది కల్పన? (నోట్స్ కోసం చర్చ)

సుమిదా_తూర్పు | #1

యూ ఆర్ అండర్ అరెస్ట్ కొత్తగా మొదలుపెట్టే తెలుగువాళ్ల కోసం ఒక నోట్స్ రాస్తున్నాం. ఇది జపాన్ యానిమే, జపనీస్ పేరు తైహో షిచావుజో, మూలం ఫుజిషిమా కోసుకే మాంగా, అంటే బొమ్మల కథ. కథ సంగతి అందరూ చెప్తారు. కథలోని బొకుతో పోలీస్ స్టేషన్‌లో నత్సుమి, మియుకి చేసే ఉద్యోగం ఎలాంటిదో మాత్రం తెలుగులో ఎక్కడా సరిగా దొరకదు. వాళ్లిద్దరూ ట్రాఫిక్ విభాగం పోలీసులని తెలియకుండా చూస్తే సగం సీన్లు ఉత్త ఛేజింగుల్లా కనబడతాయి.

ముందు చూసే వరుస ఇచ్చేస్తున్నా, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 1994–95లో వచ్చిన 4 ఓవీఏలు (టీవీలో కాకుండా నేరుగా వీడియోగా వచ్చిన భాగాలు) మొదట. 1996లో మొదలైన టీవీ సిరీస్ వాటికి కొనసాగింపు, అందులో 47 భాగాలు. ఓవీఏలను కూడా కలిపి లెక్కేస్తే 51, అందుకే కొన్ని చోట్ల టీవీ కథ 5వ నంబరుతో మొదలైనట్టు ఉంటుంది, కంగారుపడకండి. తర్వాత 1999 సినిమా, ఆపైన 2001 రెండో సీజన్, చివరికి 2007లో మొదలైన ఫుల్ థ్రాటిల్. 1999లోనే వచ్చిన చిన్నచిన్న ప్రత్యేక భాగాలు ఎప్పుడు చూసినా పర్లేదు.

ఇప్పుడు తేల్చాల్సినవి:
చిన్న కేయి కారుతో (జపాన్‌లో అతి చిన్న కార్ల తరగతి) పోలీసులు అలా వెంటపడొచ్చా?
నత్సుమి నడిపే మడత బండి మోటోకంపో నిజంగా ఆ కారు వెనక డిక్కీలో పడుతుందా?
టైరు మీద చాక్‌పీసు గీతలు దేనికి?
పదవుల పేర్లు తెలుగులో ఎలా రాయాలి?

చాక్‌గీత | #2

మూడోది ముందు తీసుకుంటా. ట్రాఫిక్ మహిళా పోలీసుల రోజువారీ పని అంటే అప్పట్లో అదే.

1990లలో అక్రమ పార్కింగ్ పట్టుకునే పద్ధతి ఇది. బండి కనబడగానే టైరు మీద ఒక గీత, సరిగ్గా దాని కిందే రోడ్డు మీద ఇంకో గీత గీస్తారు. పక్కనే టైము రాస్తారు. మైకులో నంబరు చదివి బండి తీయమంటారు. అక్కణ్నుంచి వీధంతా ఒక చుట్టు తిరిగి మళ్లీ అదే బండి దగ్గరకొస్తారు. రెండు గీతలూ ఎదురెదురుగా ఉంటే బండి కదల్లేదని రుజువు. ఓనరు బండి తీసి మళ్లీ అక్కడే పెట్టినా టైరు తిరిగి ఆగే చోటు మారుతుంది కాబట్టి గీతలు కలవవు. ఒక్క గీత గీస్తే చాలదా అని అడుగుతారు, చాలదు. రోడ్డు మీది గీత బండి నిలిచిన చోటు చెప్తుంది, టైరు మీదిది చక్రం తిరగలేదని చెప్తుంది. రెండూ కలిస్తేనే సాక్ష్యం.

వాన పడితే గీత కరిగిపోతుంది. గీత చూసిన ఓనరు టైరు తుడిచేస్తాడు. అందుకే ఒకరు గీస్తుంటే ఇంకొకరు చీటీ మీద నంబరు, చోటు, టైము రాసుకుంటారు. ఈ పని ఇద్దరు కలిసి చేయడానికి కారణం ఇదే.

చివర్లో సైడ్ మిర్రర్‌కి తాళం ఉన్న రింగులాంటి ట్యాగు తగిలించేవాళ్లు. దాన్ని సొంతంగా కోసేయడం నేరం, స్టేషనుకు వెళ్లి తీయించుకోవాలి. 2006 జూన్ 1 నుంచి ఈ పద్ధతి మొత్తం మారింది. ఇప్పుడు అద్దం మీద పసుపు స్టిక్కరు అంటిస్తారు, వేచి చూసే టైము అంటూ లేదు, డ్రైవరు తేలకపోతే బండి ఓనరు డబ్బు కట్టాలి. ఆకుపచ్చ యూనిఫాంలో తిరిగే ప్రైవేటు పరిశీలకులకు ఈ పని అప్పజెప్పారు. కాబట్టి ఆ గీతలు చూసి ఇప్పటి జపాన్‌లో ఇలాగే చేస్తారని నోట్స్‌లో రాయొద్దు.

మోటోకంపో_49 | #3

రెండోదానికి జవాబు కొలతలతో చెప్తేనే అర్థమవుతుంది.

హోండా మోటోకంపో 1981 నుంచి 1983 వరకు తయారైంది. హోండా సిటీ కారు డిక్కీలో పెట్టుకునేలా ఆ కారుతో పాటే డిజైన్ చేశారు. 49 సీసీ టూ స్ట్రోక్, 2.5 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవర్), ఖాళీగా 42 కేజీలు, ట్యాంకులో 2.2 లీటర్లు. మడిచాక పొడవు 1,185 మి.మీ., ఎత్తు 540, వెడల్పు 240. పెద్ద సూట్‌కేసు అనుకోండి. టీవీఎస్ 50 నడిపినవాళ్లకు ఇంజిన్ శక్తి ఏపాటిదో ఇట్టే అర్థమవుతుంది, ఇంచుమించు అదే తరగతి.

విప్పే పద్ధతి సిరీస్‌లో రెండు క్షణాల్లో అయిపోతుంది. అసలు జరిగేది ఇదీ: బండిని నేల మీద నిలబెట్టాలి. లోపలికి మడిచిన హ్యాండిల్ రెండు కొమ్మల్నీ ఒక్కొక్కటిగా పైకి లేపి, చేత్తో తిప్పే బిగింపు నాబ్‌లు బిగించాలి. బాడీలోకి దిగి ఉన్న సీటును పైకి లాగి నిలపాలి. కాళ్లు పెట్టే మెట్లు బయటికి తీయాలి. పెట్రోలు కాక్ తెరవాలి. కిక్ కొట్టాలి. గేర్లు లేవు, క్లచ్ దానంతటదే పడుతుంది. ఇందులో తొందరపడి చేసే తప్పు నాబ్ సగమే బిగించి బయలుదేరడం. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు పడి హ్యాండిల్ కదులుతుంది. రెండోది, మడిచేటప్పుడు పెట్రోలు దారి మూయకపోతే కారంతా పెట్రోలు వాసన.

ఇక కారులో పట్టడం. సిటీ వెడల్పు 1,570 మి.మీ. మియుకి నడిపే హోండా టుడే కేయి తరగతి కారు, అప్పటి చట్టం ప్రకారం వెడల్పు 1.4 మీటర్లు దాటకూడదు. తలుపుల మందం, చక్రాల ఉబ్బులు తీసేస్తే 1,185 పొడవున్న వస్తువు డిక్కీలో అడ్డంగా పట్టడం కష్టం. వెనక సీటు మడిచి నిలువుగా పెడితే పడుతుంది. అంటే పట్టుకున్న దొంగను కూర్చోబెట్టడానికి వెనక చోటుండదు. అది వేరే సమస్య.

నత్సుమి 42 కేజీల బండిని ఒంటిచేత్తో ఎత్తడం ఆ పాత్రకు ఇచ్చిన బలం, దాన్ని అలాగే ఒప్పుకోవాలి. మామూలు మనిషి అయితే నడుం వంచకుండా మోకాళ్లు వంచి, రెండు చేతులతో ఎత్తాలి.

వరంగల్_వాచర్ | #4

> కాళ్లు పెట్టే మెట్లు బయటికి తీయాలి. పెట్రోలు కాక్ తెరవాలి. కిక్ కొట్టాలి.

అన్నా, ఇంత చేసి ఎక్కినంక దాని స్పీడెంత? దొంగను పట్టుడు అయితదా?

మోటోకంపో_49 | #5

జపాన్‌లో 50 సీసీ బండికి చట్టప్రకారం గరిష్ఠ వేగం 30 కి.మీ. మూడు లేదా అంతకంటే ఎక్కువ లేన్లున్న సిగ్నల్ కూడలిలో కుడివైపు నేరుగా తిరగకూడదు. ఎదుటి వైపు దాకా నిటారుగా వెళ్లి, అక్కడ బండి తిప్పి ఆగి, ఆ దారి సిగ్నల్ పడ్డాక వెళ్లాలి. 1986 నుంచి ఉన్న నియమం ఇది. వాళ్లూ మనలాగే ఎడమ పక్క నడిపేవాళ్లు కాబట్టి కుడి మలుపే పెద్ద మలుపు.

మోటోకంపో గెలిచేది వేగంతో కాదు. పాత టోక్యో సందుల్లో కారు దూరని చోట 240 మి.మీ. బాడీ దూరుతుంది. మొదటి ఓవీఏలో ఆఫీసుకు ఆలస్యమైన నత్సుమి సందుగొందుల్లోంచి తప్పించుకుంటుంటే మియుకి కారులో తరుముతుంది, ఇద్దరి పరిచయం అక్కడే. మియుకికి బండి తెలుసు, నత్సుమికి దారి తెలుసు అని ఆ ఒక్క ఛేజ్‌లోనే చెప్పేశారు. రచయిత వాహనాలు ఎంత బాగా తెలిసినవాడో కూడా అక్కడే అర్థమవుతుంది.

ఎర్రలైటు | #6

మొదటి ప్రశ్న, కేయి కారుతో ఛేజింగ్. ఇందులో చట్టం ఒకటి, ఇంజిన్ ఒకటి.

చట్టం: ఎర్రలైటు వేసి సైరన్ మోగిస్తేనే పోలీసు బండి అత్యవసర వాహనం అవుతుంది. అప్పుడు కూడా మామూలు రోడ్డు మీద గరిష్ఠం 80, ఎక్స్‌ప్రెస్‌వే మీద 100 కి.మీ. ఒక్క మినహాయింపు ఉంది: అతివేగంగా పోయేవాణ్ని పట్టుకునేటప్పుడు ఆ పరిమితి వర్తించదు. ఇంకో విషయం చాలామందికి తెలియదు, వేగం పట్టే పనిలో అవసరమైతే సైరన్ మోగించకుండానే వెంటపడొచ్చు. సైరన్ వింటే వాడు వెంటనే వేగం తగ్గిస్తాడు, కొలవడానికి ఏమీ మిగలదు.

వెంటాడి కొలవడం అంటే ముందు బండికీ మనకూ మధ్య దూరం మారకుండా కొంత దూరం నడపాలి, అప్పుడు మన మీటరు చూపే వేగమే వాడి వేగం. దూరం తగ్గుతూ పోతే మన వేగం వాడి వేగం కంటే ఎక్కువని అర్థం, ఆ కొలత చెల్లదు. దగ్గరవుతున్న కొద్దీ ప్రేక్షకుడికి ఉత్సాహం, కేసుకు మాత్రం నష్టం.

మామూలు రోడ్డు మీద పరిమితికి మించి 30 కి.మీ. లోపు అయితే నీలి చీటీ, డబ్బు కడితే అయిపోతుంది. 30 దాటితే ఎర్ర చీటీ, అది క్రిమినల్ కేసు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఈ గీత 40 దగ్గర ఉంటుంది. లైసెన్సు మీద పాయింట్లు కూడుతూ పోతాయి: పాత తప్పులు లేనివాడికి 6 వస్తే కొంతకాలం సస్పెండ్, 15 వస్తే రద్దు.

ఇంజిన్: మొదటి తరం టుడేలో 545 సీసీ, రెండు సిలిండర్లు, 31 పీఎస్. ఇంజిన్‌ను దాదాపు పడుకోబెట్టినట్టు పెట్టడంతో బానెట్ అంత కిందికి ఉంటుంది. నిజ జీవితంలోనూ ట్రాఫిక్ విభాగాలకు మినీ పెట్రోల్ కార్లు ఉన్నాయి, జనం వాటిని మినీపాతో అంటారు. పార్కింగ్ పనికి, ఇరుకు వీధులకు అవి. ఛేజింగ్ పెద్ద కార్లు, తెల్ల బైకుల పని. పైగా 2000 అక్టోబరు దాకా కేయి కార్లకు ఎక్స్‌ప్రెస్‌వే మీద పరిమితే 80. కాబట్టి మియుకి కారు కల్పన, కానీ మినీపాతో కల్పన కాదు.

గ్రీజు_చేతులు | #7

నైట్రో గురించి, అంటే ఇంజిన్‌కు అదనపు శక్తినిచ్చే నైట్రస్ ఆక్సైడ్ గురించి ఎవరూ అనలేదు. మియుకి మీట నొక్కగానే టుడే ఎగిరిపోతుంది కదా, అందులో సూత్రం నిజమే.

నైట్రస్ ఆక్సైడ్‌లో బరువు లెక్కన దాదాపు 36 శాతం ఆక్సిజన్. గాలిలో 23. సిలిండర్ వేడికి వాయువు విడిపోయి ఆక్సిజన్ అందుతుంది, ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు. పైగా సీసాలోని ద్రవం ఆవిరవుతూ లోపలికెళ్లే గాలిని చల్లబరుస్తుంది, చల్లగాలి చిక్కగా ఉంటుంది. కావాల్సినవి: సీసా, దాని వాల్వు, వాయువుకొక సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), పెట్రోలుకొక సోలినాయిడ్, రెండిటినీ కొలిచి వదిలే జెట్లు, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడే పనిచేసే స్విచ్చు.

పాడయ్యేది ఇలా. పెట్రోలు సోలినాయిడ్ తెరుచుకోక వాయువు ఒక్కటే వెళ్తే మిశ్రమం పలచబడుతుంది, వేడి పెరిగి పిస్టన్ తల కరుగుతుంది. స్పార్క్ టైమింగ్ వెనక్కి జరపకపోతే డిటోనేషన్ (మిశ్రమం తనంతట తానే పేలడం) వచ్చి హెడ్ గాస్కెట్ పోతుంది. ఆర్‌పీఎం తక్కువున్నప్పుడు వదిలితే వాయువు మానిఫోల్డ్‌లోనే (గాలి ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టం) పోగుపడి అక్కడే అంటుకుంటుంది. రెండే సిలిండర్లున్న ఇంజిన్‌లో ఒక పిస్టన్ పోయిందంటే సగం ఇంజిన్ పోయినట్టే, అందుకే చాలా చిన్న జెట్‌తో మొదలుపెట్టాలి.

మియుకి పాత్రలో అతి నమ్మదగ్గది ఈ జాగ్రత్త. పని మీద లేనప్పుడు ఆమె బానెట్ కింద చూస్తూ ఉంటుంది. మీట నొక్కే ఒక్క క్షణానికి వెనక ఎన్ని గంటల పని ఉంటుందో మెకానిక్‌లను అడగండి.

ఒక చట్టపరమైన చిక్కు: ఇంజిన్ మార్చి 550 సీసీ దాటించారంటే 1990కి ముందు లెక్కలో అది కేయి కారే కాదు. పరిమితి 660కి పెరిగింది 1990లో.

పెదకాకాని_శ్రీ | #8

నోట్స్‌లో తాగి నడిపే కేసుల గురించి ఒక పేరా తప్పకుండా పెట్టండి. అక్కడ ఏ సంవత్సరం సిరీస్ అన్నది ముఖ్యం. 1996 సిరీస్ నాటికి శిక్ష మొదలయ్యే గీత లీటరు ఊపిరికి 0.25 మిల్లీగ్రాములు. 2002 జూన్‌లో దాన్ని 0.15కి దించారు. 2009 నుంచి 0.15 వస్తే 13 పాయింట్లు, 0.25 దాటితే 25, అంటే రెండోదానికి లైసెన్సు ఒక్క దెబ్బకు రద్దు.

0.15 అంటే రక్తంలో ఎంత అని అడుగుతారు. 100 మి.లీ. రక్తానికి సుమారు 30 మిల్లీగ్రాములు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో ఉన్న అంకె కూడా అదే 30. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ మిషన్ మీద 30 చూసినవాళ్లకు జపాన్ 0.15 వెంటనే అర్థమవుతుంది. రెండూ ఒకటే గీత.

పరీక్ష పద్ధతి: ముందు నీళ్లతో నోరు పుక్కిలించమంటారు. ఇప్పుడే తాగినవాడి నోట్లో మిగిలిన మద్యం లెక్కను పెంచేస్తుంది, రేపు కోర్టులో అదే సాకవుతుంది. తర్వాత బెలూన్ ఊదించి, ఆ గాలిని రసాయనం నింపిన గాజు గొట్టంలోంచి లాగుతారు, రంగు మారిన మేర చూసి అంకె చదువుతారు. ఆపైన సుమారు 10 మీటర్లు తిన్నగా నడిపిస్తారు, నిటారుగా నిలబెడతారు, మాట ఎలా ఉందో కళ్లెలా ఉన్నాయో కార్డులో రాస్తారు. నడక ఎందుకంటే, అంకెతో సంబంధం లేకుండా మామూలుగా నడపలేని స్థితిలో ఉంటే అది ఇంకా పెద్ద నేరం.

సుమిదా_తూర్పు | #9

చాలా బాగుంది, ఇవన్నీ ఎక్కిస్తున్నా. పైన రెండు మూడు చోట్ల వచ్చిన సంగతి ఒక్కటే: ఏ సిరీస్‌నైనా అది వచ్చిన ఏటి చట్టంతోనే తూచాలి. నోట్స్ మొదటి వాక్యం అదే పెడతా.

స్టేషన్ గురించి నా వంతు. బొకుతో అనే పోలీస్ స్టేషన్ లేదు. ఆ పేరుకు అర్థం సుమిదా నదికి తూర్పు. నిజంగా సుమిదా వార్డులో ఉన్నవి హోంజో, ముకోజిమా స్టేషన్లు. టోక్యో మొత్తానికి మెట్రోపాలిటన్ పోలీసు విభాగం, మిగతా ప్రాంతాలకు ఎక్కడికక్కడ ప్రిఫెక్చర్ (మన రాష్ట్రంలాంటి పాలనా ప్రాంతం) పోలీసు. అన్నీ కలిపి 47.

కోబాన్_దీపం | #10

సంవత్సరం మాట వచ్చింది కాబట్టి హకోజుమే అనే పోలీసు యానిమే కూడా చేర్చండి. ఇంగ్లిష్‌లో పోలీస్ ఇన్ ఎ పాడ్. 2022 జనవరి నుంచి 13 భాగాలు, మ్యాడ్‌హౌస్ తీసింది. మాంగా రాసిన యాసు మికో పదేళ్లు ప్రిఫెక్చర్ పోలీసులో పనిచేసి రాసినావిడ, 2022లో కోదాన్షా మాంగా అవార్డు కూడా వచ్చింది. ఉద్యోగ జీవితం చూడాలంటే యూ ఆర్ అండర్ అరెస్ట్ కంటే ఇదే దగ్గర అని నా గట్టి అభిప్రాయం.

హకో అంటే పెట్టె. పోలీసుల వాడుకలో కోబాన్‌ను, అంటే వీధి చివర ఎర్ర దీపంతో ఉండే చిన్న ఔట్‌పోస్టును, అలా అంటారు. దేశం మొత్తం మీద ఆరు వేలకు పైగా ఉన్నాయి. పల్లెల్లో పోలీసు కుటుంబంతో సహా అక్కడే కాపురముండే చూజైషో వేరే. కథలో కొత్త పోలీసు కావాయ్ రాజీనామా పత్రం ఇద్దామనుకుంటున్న రోజున నేర విభాగంలో పేరు తెచ్చుకున్న ఫుజి ఆ కోబాన్‌కు వస్తుంది. అక్కణ్నుంచి ఇద్దరి జంట.

డ్యూటీ లెక్క తెలిస్తే వాళ్ల ముఖాల్లో అలసట అర్థమవుతుంది. చాలా ప్రిఫెక్చర్లలో మూడు వంతులు: ఒకరోజు పొద్దున్నుంచి మర్నాడు పొద్దుటి దాకా డ్యూటీ, తర్వాత హిబాన్ అనే దిగిన రోజు, ఆ తర్వాత పగటి డ్యూటీయో సెలవో. టోక్యోలో నాలుగు వంతులు: పగలు, సాయంత్రం దాకా మొదటి డ్యూటీ, రాత్రి డ్యూటీ, దిగిన రోజు. హిబాన్ సెలవు కాదు. పొద్దున్నే దిగాల్సినవాళ్లు రాత్రి కేసు కాగితాలు పూర్తయ్యేదాకా కదల్లేరు. తెల్లవారుజామున ఒక ప్రమాదం జరిగిందంటే ఆ రోజు మధ్యాహ్నం దాకా నిద్ర లేదనే అర్థం.

ఆ ప్రమాదంలో ఎవరికీ దెబ్బ తగలకపోతే కాగితాలు తక్కువ. దెబ్బ తగిలిందంటే స్థలం పటం గీయాలి. కరెంటు స్తంభంలాంటి కదలని రెండు గుర్తులు పెట్టుకుని, బండి ఆగిన చోటికి రెండిటి నుంచీ టేపుతో కొలుస్తారు. ఒక గుర్తు నుంచే కొలిస్తే చోటు తేలదు, అంత దూరంలో చుట్టూ ఎక్కడైనా ఉండొచ్చు. రెండు దూరాలుంటేనే మళ్లీ గీయగలం. టేపు రెండు కొసలకీ ఇద్దరు మనుషులు.

పోయిన వస్తువులూ కోబాన్ పనే. 2007 డిసెంబరు దాకా 6 నెలలు ఉంచేవాళ్లు, ఇప్పుడు 3 నెలలు. దొరికినవాడికి విలువలో 5 నుంచి 20 శాతం దాకా బహుమానం అడిగే హక్కుంది. పర్సు పోయి ఇంటికి వెళ్లలేనివాళ్లకు టోక్యోలో 1,000 యెన్‌ల దాకా రైలు ఖర్చు అప్పిస్తారు, రాసుకుని మరీ.

వరంగల్_వాచర్ | #11

హకోజుమేల ఆడ పోలీసులను ప్రతి కేసుకు పిలుస్తనే ఉంటరు, వేరే విభాగం వాళ్లు సుత. అది కథ కోసమా, నిజంగనేనా?

కోబాన్_దీపం | #12

నిజంగానే. స్త్రీల ఒంటిని సోదా చేయాలంటే వయసొచ్చిన స్త్రీ పక్కన ఉండాలని జపాన్ నేర విచారణ చట్టం చెప్తుంది. మన దగ్గర కూడా స్త్రీని సోదా చేయాల్సింది స్త్రీయే. లైంగిక నేరాల బాధితుల మాటలు రాసుకోవడం, నిందితురాలిని తీసుకెళ్లడం, తప్పిపోయిన పిల్లలు, వీటన్నిటికీ మహిళా పోలీసు కావాలి. స్టేషన్‌లో ఉన్నది కొద్దిమంది, కాబట్టి దొరికినవాళ్ల మీదే బరువు. టోక్యో పోలీసులో స్త్రీలను మొదట తీసుకుంది 1946లో.

కావాయ్ బొమ్మలు బాగా గీస్తుంది, బాధితులు చెప్పే ఆనవాళ్లతో నిందితుడి ముఖం గీసే పని ఆమెకు అందుకే వస్తుంది. అక్కడ ఫుజి ఎలా పక్కకు తప్పుకుని చోటిస్తుందో చూడండి. జంటలో పెద్దది ఎప్పుడు వెనక్కి తగ్గాలో తెలిసినదైతేనే చిన్నది పైకొస్తుంది.

ఎర్రలైటు | #13

#10తో పూర్తిగా ఏకీభవించలేను. హకోజుమేలో కాగితాలు నిజమే, కానీ పెట్రోల్ కారు లోపలి పనిని యూ ఆర్ అండర్ అరెస్ట్ అంత బాగా ఎవరూ చూపలేదు. డ్రైవరు చేతులు స్టీరింగ్ మీద, కళ్లు ముందు. రేడియో, సైరన్, మైకు, ముందు బండి నంబరు రాసుకోవడం, కూడలిలో ఎడమ పక్క ఖాళీ ఉందో లేదో చూసి గట్టిగా చెప్పడం, ఇవన్నీ పక్క సీటు పని. డ్రైవరు తన కుడి మాత్రమే చూసి వెళ్లిపోతాడు, ఎడమ వైపు పక్కవాడి మాట మీదే. ఆ మాట తప్పయితే ఇద్దరూ పోతారు. మియుకి తల తిప్పకుండా కూడలి దాటిందంటే నత్సుమి కళ్లను అంత నమ్మిందని అర్థం. స్నేహం గురించి డైలాగు ఒక్కటీ అక్కర్లేదు.

ఇంకో చిన్న మాట. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో అద్దెకు ఉండటం కథకు అనుకూలం. పెళ్లికాని కొత్త పోలీసులు సాధారణంగా విభాగం హాస్టల్లో ఉండాలి.

చాక్‌గీత | #14

రెండూ చేర్చుదాం. కోబాన్ కోసం హకోజుమే, కారు కోసం యూ ఆర్ అండర్ అరెస్ట్. సంవత్సరాలు పక్కపక్కన పెడితే ఇంకో తేడా కనిపిస్తుంది: పోలీసు గుర్తింపు. 2002 అక్టోబరు దాకా అది నిజంగా నోటుబుక్కే, జేబులోంచి తీసి పైఅట్ట చూపిస్తారు. ఆ తర్వాత నిలువుగా తెరుచుకునేది వచ్చింది, పైన ఫొటో, కింద బ్యాడ్జి. ఒక సీన్ ఏ కాలానిదో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

సుమిదా_తూర్పు | #15

ఇక నాలుగోది, పదవులు. కావాయ్ ఫుజిని ఫుజి బుచో అని పిలుస్తుంది. బుచో అంటే ఆఫీసుల్లో డిపార్ట్‌మెంట్ హెడ్ కదా, మరి ఫుజి కూడా కోబాన్‌లోనే ఎందుకుంది అని అడుగుతున్నారు.

కోబాన్_దీపం | #16

అది జున్సా బుచో అనే పదవికి పొట్టి పేరు. కింది నుంచి జున్సా, జున్సా బుచో, కేయిబుహో, కేయిబు, కేయిషి, ఇలా చట్టంలో మొత్తం తొమ్మిది మెట్లు. జున్సాకూ బుచోకూ మధ్య జున్సాచో అనే పేరు వాడుకలో ఉంది, చట్టంలో మెట్టు కాదు. మనవాళ్లకు పోలిక కావాలంటే జున్సా కానిస్టేబుల్, బుచో హెడ్ కానిస్టేబుల్, కేయిబుహో ఇంచుమించు ఎస్సై. ఫుజి బుచో అన్న పిలుపును డిపార్ట్‌మెంట్ హెడ్ అని రాస్తే కథే తలకిందులవుతుంది. తెలుగులో ఫుజి మేడమ్ అని రాయండి, మన స్టేషన్లలో కూడా అలాగే పిలుస్తారు. బొకుతో స్టేషన్‌లో అందరూ కచో అనే పెద్దాయన సెక్షన్ అధికారి, ఆయనకు సార్ చాలు.

పెదకాకాని_శ్రీ | #17

పిలుపుల మీద రెండు మాటలు. నత్సుమి, మియుకి ఒకరినొకరు పేరుతో పిలుచుకుంటారు. తెలుగులో "నువ్వు" ఖాయం. కానీ మొదటి భాగం మొదట్లో "మీరు" పెట్టి, ఇద్దరూ కలిసి మొదటి కేసు ముగించాక "నువ్వు"కు మారిస్తే ఆ మలుపు చెవికి తెలుస్తుంది. ఇంకా ముందుకెళ్లాక "ఏంటే", "రావే" కూడా వాడొచ్చు, గొడవపడేటప్పుడు మళ్లీ "మీరు"కు వెళ్లకూడదు. కోపంలో "మీరు" అంటే తెలుగులో తెగతెంపుల్లా వినిపిస్తుంది, వీళ్లది అలాంటి గొడవ కాదు.

అదే స్టేషన్‌లో తెల్ల బైకు నడిపే నకజిమా కెన్‌కు మియుకి మీద ఇష్టం. అయినా ఆమె అతన్ని నకజిమా-కున్ అంటుంది (కున్ అనేది పేరు చివర చేర్చే పిలుపు), అతను ఆమెను కొబయకవా అంటాడు. ఇద్దరూ ఇంటిపేరు దాటరు. పేర్లు మార్చి కెన్, మియుకి అని రాసేస్తే వాళ్ల మధ్య మొహమాటమంతా పోతుంది. ఇంటిపేర్లు అలాగే ఉంచండి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది అఓయి ఫుతబా దగ్గర. మగవాడిగా పుట్టి, వేధించేవాళ్లను పట్టే డ్యూటీ కోసం స్త్రీ వేషం వేసి, అప్పటినుంచి స్త్రీగానే బతికే పాత్ర. జపనీస్ క్రియలో ఆడామగా తేడా లేదు, తెలుగులో వచ్చాడు, వచ్చింది అని తేల్చక తప్పదు. సహోద్యోగులంతా ఆమెను అఓయి-చాన్ అంటారు (చాన్ ముద్దుగా చేర్చే పిలుపు), తమలో ఒకతెగానే చూస్తారు. కాబట్టి వాళ్ల నోట "వచ్చింది". కొత్తగా పరిచయమైనవాళ్ల నోట "అఓయి గారు వచ్చారు". "వచ్చాడు" అని వెటకారంగా రాస్తే సిరీస్ ఇచ్చిన గౌరవం తీసేసినట్టే.

వరంగల్_వాచర్ | #18

అరెస్ట్ అయినంక ఏం జరుగుతదో కూడా రాయండి. సిరీస్‌ల సంకెళ్లు వేసుడుతోనే సీన్ అయిపోతది.

ఎర్రలైటు | #19

అరెస్టు చేసిన 48 గంటల్లో పోలీసులు ప్రాసిక్యూటర్‌కు అప్పగించాలి. ప్రాసిక్యూటర్‌కు 24 గంటలు, ఆలోపు కోర్టును నిర్బంధం అడగాలి. కోర్టు ఒప్పుకుంటే 10 రోజులు, మళ్లీ 10 పొడిగించవచ్చు. మన దగ్గర 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి, రాజ్యాంగం 22వ అధికరణం. అక్కడ లెక్క వేరు కాబట్టి సంకెళ్లు వేసిన నిమిషం గట్టిగా చదివి, రాసుకుంటారు. గడియారం అప్పుడే మొదలవుతుంది.

నేరం చేస్తుండగా పట్టుకుంటే వారంటు అక్కర్లేదు, ఆ పని పోలీసులే కాదు, ఎవరైనా చేయొచ్చు. కానీ వెంటనే పోలీసులకు అప్పజెప్పాలి. బేస్‌బాల్ దుస్తుల్లో తిరిగే స్ట్రైక్‌మ్యాన్ సొంతంగా న్యాయం చేస్తానంటే స్టేషన్ వాళ్లకు ఎందుకంత చిరాకో దీన్నిబట్టి చూడండి. పట్టుకోవడం తప్పు కాదు, అప్పజెప్పకుండా శిక్షించడం తప్పు.

సుమిదా_తూర్పు | #20

అన్నీ ఎక్కించా. ఒక్కటి మిగిలింది: మోటోకంపో చూసి ఇప్పుడు కొనొచ్చా అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి?

మోటోకంపో_49 | #21

పాత మోటోకంపో 40 ఏళ్లు దాటిన బండి. చూడాల్సినవి హ్యాండిల్ నాబ్‌ల మరలు అరిగాయా, ట్యాంకు లోపల తుప్పు ఉందా, సీటు నిలిపే మెకానిజం ఊగుతోందా. ఇండియాకు తెచ్చి రిజిస్టర్ చేయించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దని రాయండి.

హోండా 2023లో మోటోకంపాక్టో అని అమెరికాలో ఎలక్ట్రిక్ బండి తెచ్చింది. అప్పటి ధర 995 డాలర్లు, సుమారు 19 కేజీలు, గంటకు 15 మైళ్లు, ఒక ఛార్జికి 12 మైళ్ల దాకా. అదీ పెట్టెలాగే మడుస్తుంది. 42 కేజీలకూ 19 కేజీలకూ తేడా ఎత్తి చూస్తేనే తెలుస్తుంది. దాన్నైతే నత్సుమి బలం లేకుండానే ఎవరైనా కారులో పెట్టుకోవచ్చు.